యల్లాప్రగడ సుబ్బారావు

డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు (జనవరి 12, 1895 - ఆగష్టు, 1948) ప్రసిద్ధి చెందిన తెలుగు వైద్య శాస్త్రవేత్త, జీవరసాయన శాస్త్రవేత్త. జీవకణాలకు శక్తినిచ్చే ఏటీపీ అనే పదార్థాన్ని కండరాల నుండి వేరుచేసిన తొలి శాస్త్రవేత్తలలో ఒకడు. ఫోలిక్ ఆమ్లం తయారీ, రక్త క్యాన్సర్‌కు తొలి మందులలో ఒకటైన అమినోప్టెరిన్, దానినుండి వచ్చిన మెథోట్రెక్సేట్, సూక్ష్మజీవనాశకమైన ఆరియోమైసిన్, బోదకాలు వ్యాధికి వాడే హెట్రజాన్ - ఇవన్నీ ఆయన పర్యవేక్షణలో పనిచేసిన పరిశోధక బృందాల కృషి ఫలితాలు. శోషరస నాళాల వ్యాధులకు, ఛాతీలో శోషరసం కారిపోయే స్థితికి జరిగే చికిత్సలో కూడా ఆయన మందులలో కొన్నింటికి స్థానముంది.

బాల్యం, చదువు

సుబ్బారావు 1895 జనవరి 12న పశ్చిమ గోదావరి ప్రాంతంలోని భీమవరంలో జగన్నాథం, వెంకమ్మ దంపతులకు జన్మించాడు. తండ్రి రెవెన్యూ శాఖలో చిన్న ఉద్యోగి. పెద్ద కుటుంబం, చాలీచాలని ఆదాయం కావడంతో ఇంట్లో ఇబ్బందులు తప్పలేదు. బాల్యంలో చదువు మీద ఆయనకు అంత ఆసక్తి ఉండేది కాదు. పదమూడేళ్ళ వయసులో డబ్బు సంపాదించాలనే తలంపుతో, యాత్రికులకు అరటిపండ్లు అమ్ముకుందామని ఇంట్లో చెప్పకుండా కాశీకి బయలుదేరాడు. ఇంటివారు వెదకి వెనక్కు తీసుకువచ్చారు.

తండ్రి మరణించిన తరువాత కుటుంబ భారం తల్లిపై పడింది. ఆమె పట్టుదల గల మనిషి. తన నగలు అమ్మి కొడుకును చదివించింది. రాజమండ్రిలో (నేటి రాజమహేంద్రవరం) కొంతకాలం చదివిన సుబ్బారావు, చివరకు మద్రాసులోని హిందూ ఉన్నత పాఠశాల నుండి మూడవ ప్రయత్నంలో మెట్రిక్యులేషన్ పరీక్షలో ఉత్తీర్ణుడయ్యాడు. ఆ తరువాత మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో ఇంటర్మీడియట్ చదివాడు. ఈ కాలంలోనే రామకృష్ణ మఠం వైపు ఆకర్షితుడై సన్యసించాలనుకున్నాడు. తల్లి అందుకు అంగీకరించలేదు. వైద్యవిద్య నేర్చి రోగులకు సేవ చేయడం మేలని మఠం పెద్దలు కూడా సూచించడంతో ఆయన మద్రాసు వైద్య కళాశాలలో చేరాడు.

మద్రాసు వైద్య కళాశాల

వైద్య కళాశాలలో చదువుకు అయ్యే ఖర్చును కొంతవరకు మిత్రులు, కొంతవరకు కస్తూరి సూర్యనారాయణమూర్తి భరించారు. సూర్యనారాయణమూర్తి కుమార్తె శేషగిరితో సుబ్బారావుకు 1919లో వివాహం జరిగింది.

అది స్వాతంత్ర్యోద్యమం ఊపందుకొంటున్న కాలం. గాంధీజీ పిలుపునందుకొని సుబ్బారావు ఖద్దరు ధరించసాగాడు. శస్త్రచికిత్స సమయంలో వేసుకొనే గౌనును కూడా ఖద్దరుతోనే కుట్టించుకున్నాడు. ఇది శస్త్రచికిత్స శాఖ ఆచార్యుడు బ్రాడ్‌ఫీల్డ్‌కు నచ్చలేదు. సుబ్బారావు రాతపరీక్షలలో బాగా రాసినప్పటికీ ఆయనకు పూర్తి ఎం.బి.బి.ఎస్. పట్టా దక్కలేదు. దానికంటె తక్కువదైన ఎల్.ఎం.ఎస్. పట్టా మాత్రమే ఇచ్చారు. ఆ పట్టా వలన మద్రాసు వైద్య శాఖలో మంచి ఉద్యోగం దొరికే అవకాశం లేకపోయింది.

స్ప్రూ వ్యాధి, ఆయుర్వేద కళాశాల

సుబ్బారావు జీవితాన్ని మలుపు తిప్పినది స్ప్రూ అనే వ్యాధి. ఈ వ్యాధిలో చిన్న ప్రేగు ఆహారంలోని పోషకాలను గ్రహించలేదు. రోగికి ఎడతెగని విరేచనాలు పట్టుకొని, రక్తహీనత ఏర్పడి, మనిషి క్షీణించిపోతాడు. ఆనాడు దీనికి సరియైన మందు లేదు. సుబ్బారావు సోదరులిద్దరు స్వల్ప వ్యవధిలో ఈ వ్యాధితో మరణించారు. కొంతకాలానికి సుబ్బారావుకు కూడా అదే వ్యాధి సోకింది. పాశ్చాత్య వైద్యంతో గుణం కనిపించలేదు. ప్రసిద్ధ ఆయుర్వేద వైద్యుడు ఆచంట లక్ష్మీపతి చికిత్సతో ఆయన కోలుకున్నాడు.

ఆ తరువాత లక్ష్మీపతి నెలకొల్పిన ఆయుర్వేద కళాశాలలో సుబ్బారావు శరీర నిర్మాణ శాస్త్ర బోధకుడుగా చేరాడు. ఆయుర్వేద మందులలోని గుణాలను ఆధునిక పద్ధతులలో పరిశీలించాలని ఆశించాడు. అయితే అందుకు తగిన ప్రయోగశాలలు గాని, శిక్షణ గాని అప్పట్లో ఇక్కడ లభ్యం కాలేదు. అందుచేత విదేశాలకు వెళ్ళి ఉష్ణమండల వ్యాధుల గురించి చదవాలని నిశ్చయించుకున్నాడు.

అమెరికా ప్రయాణం

కాకినాడకు చెందిన మల్లాడి సత్యలింగం నాయకర్ ధర్మసంస్థ సహాయంతోను, మామగారి ఆర్థిక సహాయంతోను సుబ్బారావు అమెరికాకు బయలుదేరి 1922 అక్టోబరు 26న బోస్టన్ నగరం చేరుకున్నాడు. హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో ఉష్ణమండల వైద్య విభాగంలో ప్రవేశం దొరికింది కాని ఉపకారవేతనం దొరకలేదు. పొట్టపోసుకోవడానికి పీటర్ బెంట్ బ్రిగాం ఆసుపత్రిలో రాత్రిపూట పనికి కుదిరాడు. రోగుల మలమూత్ర పాత్రలు శుభ్రపరచడం ఆ పనిలో భాగం. మద్రాసులో వైద్యపట్టా పొందిన మనిషి ఆ పనిని కాదనకుండా చేసి, పగలు చదువుకొని డిప్లొమా సంపాదించాడు.

హార్వర్డులో పరిశోధనలు

భాస్వరం కొలిచే పద్ధతి

డిప్లొమా తరువాత సుబ్బారావు హార్వర్డ్ వైద్య కళాశాల జీవరసాయన విభాగంలో చేరాడు. అప్పుడు ఆ విభాగానికి ఆటో ఫోలిన్ అధిపతి. సుబ్బారావు అక్కడ సైరస్ ఫిస్కే అనే శాస్త్రవేత్తతో కలసి పనిచేశాడు. వీరిద్దరు రక్తంలోను, మూత్రంలోను, కణజాలంలోను ఉండే భాస్వరాన్ని కొలిచే పద్ధతిని రూపొందించి 1925లో ప్రచురించారు. నమూనాలోని భాస్వరం మాలిబ్డేట్‌తో కలసినప్పుడు, తగిన రసాయనం చేరిస్తే నీలిరంగు ఏర్పడుతుంది. ఆ రంగు ఎంత చిక్కగా ఉంటే అంత భాస్వరం ఉన్నట్లు లెక్క. ఈ పద్ధతికి ఫిస్కే-సుబ్బారావు పద్ధతి అని పేరు. జీవరసాయన విద్యార్థులు తరతరాలుగా దీనిని ప్రయోగశాలల్లో నేర్చుకుంటున్నారు.

ఫాస్ఫోక్రియాటిన్, ఏటీపీ

ఈ పద్ధతితో కండరాలలోని భాస్వరాన్ని కొలుస్తుండగా రంగు రావలసిన తీరులో రాకుండా, నెమ్మదిగా చిక్కబడడం కనిపించింది. ఏదో అస్థిరమైన భాస్వర పదార్థం విచ్ఛిన్నమవుతున్నదని వారు గ్రహించారు. అదే ఫాస్ఫోక్రియాటిన్. ఈ విషయాన్ని 1927లో ప్రకటించారు. అదే కాలంలో ఇంగ్లండులో ఎగిల్టన్ దంపతులు కూడా విడిగా ఇటువంటి పదార్థాన్నే గుర్తించారు. 1929లో ఫిస్కే, సుబ్బారావులు కండరాల నుండి ఏటీపీ (అడినోసిన్ ట్రైఫాస్ఫేట్) అనే పదార్థాన్ని వేరుచేశారు. అదే సంవత్సరం జర్మనీలో కార్ల్ లోమన్ కూడా స్వతంత్రంగా దీనిని కనుగొన్నాడు.

అంతకుముందు కండరం సంకోచించడానికి లాక్టిక్ ఆమ్లం మూలమని శాస్త్రజ్ఞులు భావించేవారు. కండరాల మీద పరిశోధనలకు ఎ.వి.హిల్, మేయర్‌హాఫ్‌లకు 1922 సంవత్సరపు నోబెల్ బహుమతి కూడా లభించింది. ఫాస్ఫోక్రియాటిన్, ఏటీపీల ఆవిష్కరణలతో ఆ అభిప్రాయం మారిపోయింది. జీవకణాలలో శక్తిని అందించే పదార్థం ఏటీపీ అని తరువాతి పరిశోధనల వలన స్థిరపడింది.

సుబ్బారావుకు 1930లో పిహెచ్.డి. పట్టా లభించింది. అయినా హార్వర్డులో ఆయనకు స్థిరమైన పదవి దక్కలేదు. చాలా ఫలితాలు ప్రచురణకు నోచుకోలేదు. ఆ ప్రయోగశాలలో పరిశోధక విద్యార్థిగా ఉండి, తరువాత 1988లో నోబెల్ బహుమతి పొందిన జార్జి హిచింగ్స్, సుబ్బారావు వేరుచేసిన కొన్ని పదార్థాలను చాలా ఏళ్ళ తరువాత ఇతరులు మళ్ళీ కనుగొనవలసి వచ్చిందని, ఫిస్కే వాటిని వెలుగులోకి రానివ్వకపోవడమే అందుకు కారణమని చెప్పాడు.

లెడర్లీ ప్రయోగశాల

సుబ్బారావు 1940లో న్యూయార్కు రాష్ట్రం పెర్ల్ రివర్‌లోని లెడర్లీ ప్రయోగశాలలో చేరాడు. ఇది అమెరికన్ సయనమిడ్ కంపెనీకి చెందిన మందుల సంస్థ. కొద్దికాలంలోనే ఆయన పరిశోధన విభాగానికి డైరెక్టరు అయ్యాడు. రసాయన శాస్త్రజ్ఞులు, సూక్ష్మజీవ శాస్త్రజ్ఞులు, వైద్యులు ఒకే లక్ష్యంతో బృందాలుగా పనిచేసే విధానాన్ని అక్కడ నెలకొల్పాడు. ఎనిమిదేళ్ళ వ్యవధిలో ఈ బృందాల నుండి అనేక మందులు వెలువడ్డాయి. శాస్త్ర పత్రాలలో తన పేరును ముందు ఉంచుకోవడానికి ఆయన ప్రయత్నించలేదు. చాలా పత్రాలు సహచరుల పేర్లతోనే ముఖ్యంగా ప్రసిద్ధికెక్కాయి.

ఫోలిక్ ఆమ్లం

ఇంగ్లండుకు చెందిన వైద్యురాలు లూసీ విల్స్ బొంబాయిలో గర్భిణులకు వచ్చే రక్తహీనతను పరిశీలించి, ఈస్టు సారంలో దానిని పోగొట్టే పదార్థం ఉన్నదని 1931లో ప్రకటించింది. 1941లో అమెరికాలో మిచెల్, స్నెల్, విలియమ్స్ అనేవారు పాలకూర నుండి ఒక పదార్థాన్ని తీసి, ఆకు అనే అర్థం గల లాటిన్ పదం మీదుగా దానికి ఫోలిక్ ఆమ్లం అని పేరుపెట్టారు. లెడర్లీలో స్టోక్‌స్టాడ్ 1943లో కాలేయం నుండి దీనిని శుద్ధరూపంలో వేరుచేశాడు. 1945లో సుబ్బారావు నాయకత్వంలో యాంజియర్ మొదలైనవారు దాని నిర్మాణాన్ని నిర్ధారించి, ప్రయోగశాలలో తయారుచేయగలిగారు. మందు కావలసినంత దొరకడంతో రక్తహీనత రోగులకు, స్ప్రూ రోగులకు ఇచ్చి చూశారు. మంచి ఫలితం కనిపించింది.

స్ప్రూ వ్యాధికి తరువాతి కాలంలో స్థిరపడిన చికిత్స ఫోలిక్ ఆమ్లం, టెట్రాసైక్లిన్ కలిపి ఇవ్వడం. మొదటిది లెడర్లీలో తయారైనది. రెండవది లెడర్లీలోనే బయటపడిన ఆరియోమైసిన్ వర్గానికి చెందినది. తన సోదరులను బలిగొన్న వ్యాధికి మందులు సుబ్బారావు పర్యవేక్షించిన ప్రయోగశాల నుండే రావడం గమనింపదగిన విషయం.

అమినోప్టెరిన్, మెథోట్రెక్సేట్

బోస్టన్ నగరంలో పిల్లల ఆసుపత్రి వైద్యుడు సిడ్నీ ఫార్బర్, రక్త క్యాన్సర్ ఉన్న పిల్లలలో ఫోలిక్ ఆమ్లం సంబంధ పదార్థాలు వ్యాధిని త్వరితం చేస్తున్నాయని అనుమానించాడు. అలాగైతే ఫోలిక్ ఆమ్లాన్ని అడ్డుకొనే పదార్థం వ్యాధిని తగ్గించాలి. అటువంటి పదార్థాలను సుబ్బారావు బృందం తయారుచేసి అందించింది. వాటిలో అమినోప్టెరిన్ శక్తివంతమైనదిగా తేలింది. ఫార్బర్ 1948లో ప్రచురించిన పత్రంలో 16 మంది పిల్లలకు ఈ మందు ఇవ్వగా 10 మందిలో వ్యాధి తాత్కాలికంగా తగ్గుముఖం పట్టినట్లు తెలిపాడు. ఆనాటివరకు ఈ వ్యాధి వచ్చిన పిల్లలు వారాలు, నెలల్లో మరణించేవారు. తగ్గుదల తాత్కాలికమే అయినా మందుతో క్యాన్సర్‌ను లొంగదీయవచ్చునని ఇది నిరూపించింది.

అమినోప్టెరిన్‌కు దగ్గర బంధువైన మెథోట్రెక్సేట్ కూడా ఈ బృందం కృషి ఫలితమే. దీనిని నేటికీ కొన్ని రక్త క్యాన్సర్లకు, శోషరస గ్రంథుల క్యాన్సర్‌కు (లింఫోమా), కీళ్ళవాతానికి, సోరియాసిస్‌కు వాడుతున్నారు.

ఆరియోమైసిన్

రెండవ ప్రపంచ యుద్ధకాలంలో పెన్సిలిన్, స్ట్రెప్టోమైసిన్‌ల తరువాత మరికొన్ని సూక్ష్మజీవనాశకాల కోసం వెదకులాట మొదలైంది. విశ్వవిద్యాలయం నుండి పదవీ విరమణ చేసిన వృక్ష శాస్త్రజ్ఞుడు బెంజమిన్ డగ్గర్‌ను లెడర్లీలో చేర్చుకున్నారు. ఆయన వివిధ ప్రాంతాల మట్టి నమూనాలను పరీక్షించి, మిస్సోరీ రాష్ట్రపు మట్టిలో లభించిన ఒక సూక్ష్మజీవి నుండి బంగారు రంగు పదార్థాన్ని 1945లో గుర్తించాడు. ఇదే 1948లో ఆరియోమైసిన్ పేరుతో వెలువడింది. టెట్రాసైక్లిన్ వర్గంలో ఇది మొదటిది.

బోదకాలు, హెట్రజాన్

వ్యాధి స్వరూపం

బోదకాలు (ఫైలేరియా) గోదావరి మండలాలవారికి కొత్త వ్యాధి కాదు. సుబ్బారావు పుట్టి పెరిగిన ప్రాంతంలో కాళ్ళు ఏనుగు పాదాల్లా వాచినవారు, వరిబీజంతో బాధపడేవారు ఎక్కువగా కనిపించేవారు. దీనికి కారణం ఉకెరేరియా బాంక్రాఫ్టి అనే దారంవంటి పురుగు. క్యూలెక్స్ జాతి దోమ కాటు ద్వారా ఇది మనిషి శరీరంలో ప్రవేశిస్తుంది. ఈ దోమ మురుగునీటిలో పెరుగుతుంది.

పెద్ద పురుగులు శోషరస నాళాలలో చేరి ఏళ్ళ తరబడి నివసిస్తాయి. వాటి పిల్లపురుగులు (మైక్రోఫైలేరియా) రక్తంలోకి వస్తాయి. మన దేశంలో ఇవి ఎక్కువగా రాత్రివేళ మాత్రమే పైరక్తంలో కనిపిస్తాయి. అందుకే ఫైలేరియా శాఖ సిబ్బంది ఊళ్ళలో రాత్రిపూట ఇంటింటికి తిరిగి రక్త నమూనాలు సేకరించేవారు.

శోషరస నాళాల పని కణజాలంలో మిగిలిన ద్రవాన్ని సేకరించి తిరిగి రక్తంలో కలపడం. పురుగుల వలన ఈ నాళాలు ఉబ్బి, కవాటాలు పాడై, ద్రవం ముందుకు సాగదు. కాళ్ళలో నిలిచిపోతే బోదకాలు, వృషణాల చుట్టూ చేరితే వరిబీజం వస్తాయి. కడుపులోని పెద్ద నాళాలు దెబ్బతిని, ప్రేగుల నుండి కొవ్వును మోసుకువచ్చే శోషరసం మూత్రమార్గంలోకి దారి చేసుకుంటే మూత్రం పాలవలె తెల్లగా వస్తుంది. అరుదుగా ఇదే రసం ఛాతీలోకి కారుతుంది.

మందు కోసం అన్వేషణ

రెండవ ప్రపంచ యుద్ధంలో పసిఫిక్ దీవులలో పోరాడిన అమెరికన్ సైనికులు వేలాదిమంది ఈ వ్యాధి బారిన పడ్డారు. అప్పటివరకు వాడిన ఆర్సెనిక్, ఆంటిమొనీ సంబంధమైన మందులు విషపూరితాలు. ప్రమాదం లేని మందు కోసం అమెరికాలో పరిశోధన ముమ్మరమైంది. లెడర్లీలో రెజినాల్డ్ హ్యూయిట్ తదితరులు సుబ్బారావుతో కలసి ఈ పని చేపట్టారు. ఫైలేరియా వంటి పురుగు సోకిన ఒక జాతి ఎలుకలపై అనేక రసాయనాలను ప్రయోగించి చూశారు. పైపరజిన్ వర్గానికి చెందిన ఒక పదార్థం ఎలుకల రక్తంలోని పిల్లపురుగులను వేగంగా తగ్గించింది. దాని పేరు డైఇథైల్ కార్బమజిన్, క్లుప్తంగా డి.ఇ.సి. హెట్రజాన్ అనేది లెడర్లీ పెట్టిన వ్యాపారనామం. 1947లో ఈ ఫలితాలను ప్రచురించారు. అదే సంవత్సరం ప్యూర్టోరికో దీవిలో రోగులకు ఇచ్చి చూసిన ఫలితాలు కూడా వెలువడ్డాయి. నోటితో మింగే మందు కావడం, ఖరీదు తక్కువ కావడం దీని ప్రత్యేకతలు.

మందు గుణాలు, పరిమితులు

డి.ఇ.సి. రక్తంలోని పిల్లపురుగులను త్వరగా నిర్మూలిస్తుంది. పెద్ద పురుగులలో కొన్నింటిని మాత్రమే చంపగలదు. పురుగు చచ్చినా పాడైన నాళం పూర్వస్థితికి రాదు. కాబట్టి ముదిరిన బోదకాలు ఈ మందుతో పూర్తిగా తగ్గదు. అటువంటి రోగులు కాలిని రోజూ సబ్బుతో కడుక్కొని, పుండ్లు పడకుండా చూసుకొంటూ, కాలు ఎత్తుగా పెట్టుకోవడం అవసరం. గర్భిణులకు, రెండేళ్ళ లోపు పిల్లలకు, తీవ్రమైన జబ్బుతో ఉన్నవారికి సామూహిక పంపిణీలో ఈ మందు ఇవ్వరు.

రోగనిర్ధారణలో కూడా డి.ఇ.సి. ఉపయోగపడింది. పగటిపూట కొద్ది మోతాదులో ఈ మందు ఇస్తే దాగియున్న పిల్లపురుగులు రక్తంలోకి వస్తాయి. దీనివలన రాత్రివరకు వేచియుండకుండానే పరీక్ష చేయవచ్చు. ఫైలేరియా పురుగుల పట్ల శరీరం అతిగా స్పందించడం వలన ఊపిరితిత్తులలో వచ్చే ట్రాపికల్ ఇయొసినోఫీలియా వ్యాధికి కూడా ఇదే మందు. రాత్రిపూట విడవని దగ్గు, ఆయాసం, రక్తంలో ఇయొసినోఫిల్ కణాలు విపరీతంగా పెరగడం ఈ వ్యాధి లక్షణాలు. సాధారణంగా మూడు వారాలపాటు డి.ఇ.సి. ఇస్తారు.

భారత ప్రభుత్వం 1955లో జాతీయ ఫైలేరియా నియంత్రణ కార్యక్రమాన్ని ప్రారంభించింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2000లో ఈ వ్యాధి నిర్మూలన కార్యక్రమం చేపట్టింది. మన దేశంలో 2004 నుండి వ్యాధి ఉన్న జిల్లాలలో ప్రజలందరికీ ఏడాదికొకసారి డి.ఇ.సి. మాత్రలు మింగించే పద్ధతి విస్తృతంగా అమలైంది. తరువాత ఆల్బెండజోల్, కొన్ని జిల్లాలలో 2018 నుండి ఐవర్మెక్టిన్ కూడా దీనికి తోడయ్యాయి. తెలుగు జిల్లాలలో ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికి తెచ్చి, తమ ఎదుటనే మింగించే బోదకాలు మాత్రలు ఇవే.

ఛాతీలో శోషరసం కారుట

శోషరస నాళ వ్యాధులలో వైద్యులకు క్లిష్టమైన స్థితి ఛాతీలోకి శోషరసం కారడం. దీనిని కైలోథొరాక్స్ అంటారు. ఫైలేరియా, లింఫోమా రెండూ దీనికి కారణాల జాబితాలో ఉన్నాయి. ఫైలేరియా వలన ఇది అరుదు, లింఫోమా వలన తరచు.

నాళ మార్గం

మనం తిన్న ఆహారంలోని కొవ్వు నేరుగా రక్తంలో కలవదు. ప్రేగుల వద్ద శోషరసంలో చేరి, దానిని పాలవలె తెల్లగా మార్చుతుంది. ఈ రసం కడుపు వెనుక భాగంలో ఒక సంచిలో చేరి, అక్కడినుండి థొరాసిక్ డక్ట్ అనే ప్రధాన నాళం ద్వారా పైకి ప్రయాణిస్తుంది. ఈ నాళం వెన్నెముకకు కుడివైపుగా ఛాతీలోకి వచ్చి, మధ్యలో ఎడమవైపుకు దాటి, మెడ మొదట్లో ఎడమవైపు పెద్ద సిరలో కలుస్తుంది. రోజుకు రెండు లీటర్ల వరకు, ఒక్కొక్కప్పుడు అంతకు మించి, రసం దీనిగుండా ప్రవహిస్తుంది. నాళం క్రింది భాగంలో తెగితే సాధారణంగా కుడి ఊపిరితిత్తి చుట్టూ, పై భాగంలో తెగితే ఎడమ ఊపిరితిత్తి చుట్టూ రసం నిలుస్తుంది.

గుండె, అన్నవాహిక మొదలైన అవయవాలకు జరిగే శస్త్రచికిత్సలు, ఛాతీకి తగిలే దెబ్బలు, లింఫోమా, క్షయ ముఖ్యమైన కారణాలు.

గుర్తించడం

రోగికి ఆయాసం, ఛాతీ బరువు ఉంటాయి. ఛాతీ ఎక్స్‌రేలో నీరు కనిపిస్తుంది. సూదితో తీసిన ద్రవం పాలవలె ఉంటే ఈ వ్యాధిని అనుమానించాలి. అయితే రంగు ఒక్కటే ఆధారం కాదు. రోగి ఏమీ తినకుండా ఉంటే రసంలో కొవ్వు లేక తెల్లగా ఉండదు. చీము కూడా తెల్లగా కనిపించి మోసగించవచ్చు. కనుక ద్రవంలోని ట్రైగ్లిజరైడ్‌లను కొలుస్తారు. డెసిలీటరుకు 110 మిల్లీగ్రాముల కంటె ఎక్కువ ఉంటే శోషరసమని దాదాపు నిర్ధారించవచ్చు. 50 కంటె తక్కువ ఉంటే కాకపోవచ్చు. ఈ రెండింటి మధ్య ఉంటే కైలోమైక్రాన్లు అనే కొవ్వు రేణువుల కోసం వెదకుతారు. అవి ఉంటే నిర్ధారణ అయినట్లే. చాలాకాలంగా నిలువ ఉన్న క్షయ నీరు కూడా కొలెస్టరాల్ వలన తెల్లబడుతుంది. అందులో కైలోమైక్రాన్లు ఉండవు. నాళం ఎక్కడ తెగిందో తెలుసుకోవడానికి శోషరస నాళాలలోకి ప్రత్యేకమైన రంగుమందు ఎక్కించి ఎక్స్‌రే తీస్తారు.

చికిత్స

కారిన రసంతోపాటు మాంసకృత్తులు, కొవ్వు, రోగనిరోధక కణాలు కూడా పోతాయి. రోజూ గొట్టం ద్వారా రసాన్ని తీసివేస్తూపోతే ఊపిరి తేలికపడుతుంది కాని మనిషి క్షీణించిపోతాడు. పూర్వం రోగులలో సగం మంది వరకు ఇందుకే మరణించేవారు. 1948లో అమెరికన్ వైద్యుడు లాంప్సన్ ఛాతీలో ప్రధాన నాళాన్నే ముడివేసి రోగిని రక్షించినట్లు ప్రచురించాడు. నాళాన్ని కట్టివేసినా రసం పక్కనున్న చిన్న నాళాల ద్వారా దారి చూసుకుంటుంది. సుబ్బారావు మరణించిన సంవత్సరం కూడా అదే.

ఈనాడు మొదట గొట్టం వేసి ద్రవాన్ని తీసి, సాధారణ కొవ్వును ఆహారం నుండి తొలగిస్తారు. మధ్యస్థ గొలుసు కొవ్వులు ప్రేగుల నుండి నేరుగా రక్తంలోకి వెళ్తాయి కాబట్టి వాటిని ఇస్తారు. అది చాలకపోతే నోటి ఆహారం పూర్తిగా ఆపి, సిర ద్వారా పోషకాలు ఎక్కిస్తారు. ఆక్ట్రియోటైడ్ అనే మందు రసం ప్రవాహాన్ని తగ్గిస్తుంది. అప్పటికీ ఆగకపోతే నాళాన్ని ముడివేయడం, లేదా సన్నని గొట్టంతో నాళంలోకి చేరి లోపలినుండి మూసివేయడం చేస్తారు. ఈ రెండవ పద్ధతిని కాన్‌స్టాంటిన్ కోప్ అనే వైద్యుడు 1990వ దశకంలో అభివృద్ధి చేశాడు.

ఈ చర్యలన్నీ కారడాన్ని ఆపడానికే. మూలవ్యాధికి కూడా మందు ఇవ్వాలి. ఫైలేరియా అయితే డి.ఇ.సి., లింఫోమా అయితే క్యాన్సర్ మందులు, క్షయ అయితే క్షయ మందులు ఇస్తారు. వీటిలో మొదటిది సుబ్బారావు బృందం కనుగొన్నది. క్యాన్సర్‌ను మందులతో ఎదుర్కొనే మార్గాన్ని తెరచిన తొలి మందులలో ఆ బృందం తయారుచేసిన అమినోప్టెరిన్ కూడా ఒకటి.

వ్యక్తిగత జీవితం

అమెరికా వెళ్ళేటప్పుడు కొద్ది సంవత్సరాలలో తిరిగివస్తానని సుబ్బారావు భావించాడు. పరిశోధనలు ఒకదాని వెంట ఒకటి రావడంతో తిరిగి రాలేదు. ఆయన వెళ్ళిన తరువాత పుట్టిన కుమారుడు శైశవంలోనే మరణించాడు. భార్య శేషగిరిని ఆయన మళ్ళీ చూడలేదు. తల్లిని కూడా చూడలేదు. ఆయన విజయాలకు ఆ కుటుంబం చెల్లించిన మూల్యం తక్కువది కాదు. ఆమె చాలా ఏళ్ళు ఒంటరిగా జీవించింది.

ఆనాటి అమెరికా చట్టాల ప్రకారం భారతీయులకు పౌరసత్వం లభించేది కాదు. 1946లో చట్టం మారి అవకాశం వచ్చినా ఆయన పౌరసత్వం తీసుకోలేదు. చివరివరకు భారతీయుడుగానే ఉన్నాడు.

మరణం

సుబ్బారావు 1948 ఆగష్టు నెలలో న్యూయార్కులో నిద్రలోనే గుండెపోటుతో మరణించాడు. అప్పటికి ఆయన వయసు 53 సంవత్సరాలు. ఆరియోమైసిన్ వైద్యులకు అందుబాటులోకి వస్తున్న కాలమది. ఫార్బర్ పత్రం వెలువడి రెండు నెలలే అయింది. భారతదేశానికి స్వాతంత్ర్యం వచ్చి ఏడాది కావస్తున్నది.

గుర్తింపు

- 1953లో హెసెల్‌టైన్ అనే శాస్త్రజ్ఞుడు తాను వర్ణించిన ఒక కొత్త శిలీంధ్రానికి సుబ్బారావు పేరుమీద సుబ్బారోమైసిస్ స్ప్లెండెన్స్ అని నామకరణం చేశాడు.
- ఆయన శతజయంతి సందర్భంగా 1995లో భారత ప్రభుత్వం తపాలా బిళ్ళ విడుదల చేసింది.
- ఫిస్కే-సుబ్బారావు పద్ధతి నేటికీ జీవరసాయన పాఠ్యాంశాలలో ఉంది.

సుబ్బారావుకు నోబెల్ బహుమతి రాలేదు. ఫైలేరియా జాతి పురుగుల వలన వచ్చే వ్యాధులకు పనికివచ్చే ఐవర్మెక్టిన్ వర్గపు మందును కనుగొన్నందుకు కాంప్‌బెల్, ఒమురాలకు 2015లో నోబెల్ బహుమతి లభించింది. అంతకు ఆరు దశాబ్దాలకు పైగా ముందే వెలువడిన డి.ఇ.సి. ఈనాటికీ ఆ మందు సరసనే వాడుకలో ఉంది.

కొన్ని అపోహలు

సుబ్బారావు గురించి తెలుగులో వచ్చిన రచనలలో కొన్ని అతిశయోక్తులు చోటుచేసుకున్నాయి. విద్యార్థులు ఈ క్రింది విషయాలు గమనించడం మంచిది.

- ఫోలిక్ ఆమ్లాన్ని ఆయన ఒక్కడే కనుగొనలేదు. దానిని గుర్తించినవారు, పేరు పెట్టినవారు వేరు. నిర్మాణాన్ని నిర్ధారించి తయారుచేసినది ఆయన బృందం.
- ఆరియోమైసిన్‌ను మట్టినుండి గుర్తించినది డగ్గర్. టెట్రాసైక్లిన్ అనే మందును తరువాత వేరే సంస్థలో తయారుచేశారు. ఆ వర్గానికి ఆద్యమైన ఆరియోమైసిన్‌ను వెలువరించిన పరిశోధన విభాగానికి సుబ్బారావు అధిపతి.
- అమినోప్టెరిన్‌ను రోగులకు ఇచ్చి చూసినది ఫార్బర్. తయారుచేసి ఇచ్చినది లెడర్లీ బృందం.
- హెట్రజాన్ బోదకాలును మొదటి దశలలో అరికడుతుంది, వ్యాప్తిని ఆపుతుంది. ముదిరిన వాపును పోగొట్టదు.

ఇతరుల వాటా ఇతరులకు ఇచ్చినంతమాత్రాన సుబ్బారావు స్థానం తగ్గదు. విడివిడిగా పనిచేసే నిపుణులను ఒకచోట చేర్చి, పేదదేశాల వ్యాధులను కూడా పరిశోధనకు తగిన సమస్యలుగా వారి ముందుంచి, ఎనిమిదేళ్ళలో ఇన్ని మందులు రోగులకు చేరేటట్లు చేయడం ఆయన సాధించిన ఘనకార్యం.